'మాలా'ని తెలుగులో ఏమందాం?

సిచువాన్ వంటల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 'మాలా' అన్న చైనా మాట అడుగడుగునా తగులుతోంది. 'ఘాటైన కారం' అంటే సరిపోతుందా? తెలిసినవారు చెప్పండి.

▸ సరిపోదండీ. అందులో రెండు మాటలున్నాయి. 'మా' అంటే తిమ్మిరి, 'లా' అంటే కారం. కారం ఎండుమిరపది, తిమ్మిరి హువాజియావ్ అనే చిన్న కాయల పైతొక్కుది. మనవాళ్లు వాటిని 'సిచువాన్ మిరియాలు' అనేస్తున్నారు గానీ మిరియాలతో చుట్టరికం లేదు, అవి నిమ్మ, నారింజల కుటుంబం. మన ఘాటు ముక్కుకెక్కుతుంది. ఇది పెదాల మీద, నాలుక మీద జివజివలాడుతుంది.

హువాజియావ్ చైనా సొంత సరుకు. హాన్ రాజుల కాలంలో పట్టపురాణి మందిరం గోడలకు దాన్ని మట్టిలో కలిపి పూసేవారు, ఆ మందిరాన్ని 'జియావ్ గది' అనేవారు. జియావ్ అంటే ఇలాంటి ఘాటు కాయ. తరవాత పడమటి నుంచి మిరియాలొస్తే 'హూజియావ్' అన్నారు. హూ అంటే పరాయి జాతులవాళ్లు. మహా ఖరీదు! 777లో యువాన్ జై అనే, టాంగ్ రాజుల మంత్రి ఆస్తి జప్తు చేస్తే 800 షీల మిరియాలు బయటపడ్డాయట. షీ అంటే మన పుట్టిలాంటి పెద్ద కొలత.

మిరప వాళ్లకూ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. 1591లో గావ్ లియెన్ అనే చైనా రచయిత దాన్ని 'ఫాన్‌జియావ్', అంటే విదేశీ జియావ్ అన్నాడు. తెల్లపూలు, అరిగిన కుంచె మొనలాంటి కాయ, కారం రుచి, చూడముచ్చటైన ఎరుపు. వంట ఊసు లేదు! కూరల్లోకి ఎక్కింది తరవాత, సిచువాన్ పక్కనే, ఉప్పుకి కటకటలాడే గ్వీజౌ కొండల్లో. అక్కడివాళ్లు ఉప్పుకి బదులు మిరప వాడేవారని 18వ శతాబ్దపు స్థానిక చరిత్రలో ఉంది. సిచువాన్‌లో ఇప్పటికీ 'హైజియావ్' అంటారు, సముద్రపు జియావ్ అని. ఆ రాష్ట్రానికి సముద్రమే లేదు!

▸ మరి మిరప లేనప్పుడు 'లా' ఎక్కడిది మాస్టారూ?

▸ మాట మిరపకన్నా పాతదండీ. అల్లం ఉంది, 'జూయూ' అనే మరో చెట్టు కాయలుండేవి. మిరప వచ్చాక జూయూని వంటింట్లో అడిగే నాథుడే లేడు.

▸ పేరు అప్పుతెచ్చుకోవడం మన దగ్గరా ఉంది కదా. తమిళంలో మిళగు, మిళగాయ్. కన్నడంలో మెణసు, మెణసినకాయి. మన మిరియం, మిరపకాయ.

▸ ఒక పిడకల వేట. హువాజియావ్ జాతి చెట్టు ఒకటి మన కొండల్లోనూ ఉంది. కొంకణంలో దాని కాయల్ని చేపల కూరలో వేస్తారు. శాస్త్రనామంలోని 'రెట్సా' మన తెలుగు 'రచ్చ' మాటే, అంటే పదిమంది కూడి మాట్లాడుకునే చోటు. దాని నీడన కొండజనం రచ్చ తీర్చేవారని, మన చెట్ల మీద పుస్తకం రాసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ రాశాడు.

▸ భలే! అయితే 'తిమ్మిరి కారం' అని రాసేయనా?

▸ తిమ్మిరి అంటే కాలికి పట్టేదే గుర్తొస్తుందండీ. 'జివజివ కారం' అనండి, తినబుద్ధవుతుంది.