గిట్టని కూరగాయలు: తప్పు కాయదా, వండే తీరుదా?

ప్రశ్న: పోపుగింజ

అందరికీ నమస్కారం. కూరగాయల్లో మీ ఓటు దేనికి, వెలి దేనికి?

నా లెక్క ముందు చెప్పేస్తాను. ఇష్టమైనవి లేత వంకాయ, బీరకాయ, మునక్కాడ. గిట్టనివి నాలుగు: సాగే బెండకాయ, చేదు కాకర, గొంతు దురద పెట్టే చామదుంప, వాసన కొట్టే పొట్లకాయ. అయితే ఇదే బెండకాయ పెళ్లి భోజనంలో జీడిపప్పు, పల్లీలతో కరకరలాడే వేపుడై వస్తే ఆకులో ఒక్క ముక్క మిగలదు. మరి ఇంట్లో అదే కాయ ఎందుకు జిగురు ముద్దవుతోంది?

'మా ఇంట్లో అందరూ ఇష్టంగా తింటారు' అని ఆపేయకండి. ఉప్పు ఎంత, ఎప్పుడు వేయాలి, మూత పెట్టాలా వద్దా, ఎక్కడ చెడుతుంది, అవన్నీ రాయండి.

జవాబు: గోదారిగట్టు

నా ఓటు బెండకాయకే. దాన్ని తిట్టేవాళ్లలో ఎక్కువమంది తరిగాక కడిగేవాళ్లే అయి ఉంటారు.

బెండలో ఉన్న జిగురు నీళ్లలో కరిగే పదార్థం. తడి తగిలేకొద్దీ ఊరుతుంది, సాగుతుంది. కాబట్టి కాయలు నిండుగా ఉండగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను కింద ఓ అరగంట ఆరబెట్టాలి. కత్తి, పలక కూడా పొడిగా ఉండాలి. అరకిలో కాయలకి వెడల్పాటి మూకుడు, మూడు పెద్ద చెంచాల నూనె. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరుచుకోవాలి. ఇరుకు గిన్నెలో గుట్టగా పోస్తే కింది ముక్కల ఆవిరి పై ముక్కలకి తగిలి, వేగాల్సిన కూర ఉడుకుతుంది. మొదటి ఐదు నిమిషాలు పెద్ద మంట, తర్వాత మధ్యస్థం. మూత పెట్టొద్దు. గరిటె మూడు నాలుగు నిమిషాలకోసారి తిప్పితే చాలు, ఊరికే కలుపుతుంటే ముక్క చితికి లోపలి జిగురు బయటికొస్తుంది. ఉప్పు ముందే వేస్తే నీళ్లు వదులుతుంది, అందుకని దింపడానికి ఐదు నిమిషాల ముందు వేయాలి. మొత్తం పదిహేను, పద్దెనిమిది నిమిషాల పని. అప్పటికీ తీగ సాగుతుంటే ఒక చెంచా చిక్కటి చింతపండు పులుసు చల్లి, పెద్ద మంట మీద రెండు నిమిషాలు వేపండి. పులుపు తగిలితే జిగురు విరుగుతుంది. బెండకాయ పులుసులో ఎవరూ జిగురని ఫిర్యాదు చేయకపోవడానికి కారణం ఇదే.

పెళ్లి వేపుడు వేరే సంగతి. అది నూనెలో మునిగి వేగుతుంది. పావు అంగుళం మందాన చక్రాలు తరిగి, కొంచెం కొంచెంగా వేయాలి. ఒకేసారి అన్నీ వేస్తే నూనె చల్లబడి ముక్క మెత్తబడుతుంది. నురగ తగ్గి, గరిటెకి గలగలమని తగిలాకే తీయాలి. పల్లీలు, జీడిపప్పు, కరివేపాకు విడివిడిగా వేయించి, వెల్లుల్లి కారం, ఉప్పు కలిపి పైన చల్లాలి. వడ్డనకి ముందే చల్లాలి, గంట ముందు కలిపి పెడితే మళ్లీ మెత్తబడుతుంది.

సంతలో కాయ కొన విరిచి చూడండి. టక్కున విరిగితే లేత. వంగితే అక్కడే వదిలేయండి, ముదురు బెండని ఏ వంటా బాగుచేయదు.

జవాబు: పచ్చిపులుసు_పాలమూరు

బెండకాయ సంగతి మంచిగ చెప్పిన్రు. కాకరకాయ నాకు వదిలేయండి.

మా దిక్కు కాకరకాయను చేదు తీసేసి వండరు, చేదును సర్దుకునేటట్టు వండుతరు. శానామంది ఉప్పు రాసి గంటలకొద్దీ ఉంచి, గట్టిగ పిండి పిప్పి చేస్తరు. అప్పుడు చేదుతో పాటు కాయ రుచి కూడా పోతది, మిగిలేది పీచు. అరకిలో కాయకు ఒక చిన్న చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు పట్టించి ఇరవై నిమిషాలు ఉంచితే సరిపోతది. ఊరిన నీళ్లు పోయేటట్టు చేత్తో మెల్లగ ఒత్తాలె, అంతే. ముక్క పావు అంగుళానికి మించొద్దు. గింజ గట్టిపడితే తీసెయ్యండి, లేతగుంటే ఉండనియ్యండి, వేగినంక అదే రుచి.

నాలుగు పెద్ద చెంచాల నూనెల మధ్య మంట మీద ఇరవై నిమిషాలు వేపాలె. ఆరు వెల్లుల్లి రెబ్బలు, చెంచా జీలకర్ర, రెండు పెద్ద చెంచాల ఎండుకొబ్బరి, చెంచాన్నర కారం దంచి, పొయ్యి బందు చేసినంక కలపాలె. మంట మీద వేస్తే వెల్లుల్లి మాడి ఇంకో చేదు తయారైతది, జనం దాన్ని కూడా కాకర ఖాతాలనే రాస్తరు. చిట్టచివరికి ఉసిరికాయంత బెల్లం పొడి చేసి చల్లండి. ఉప్పు మాత్రం రుచి చూసినంకనే వేయాలె, ముందే పట్టిన ఉప్పు ముక్కల ఉంటది. కాకర వేపుడు ఉప్పగైందంటే కారణం ఎప్పుడూ ఇదే.

గోకరకాయ, అదే గోరుచిక్కుడు, దాని పేరు ఈ జాబితాల రాలేదెందుకో. రెండు కొసలు తుంచి నార తీసి, ఉప్పు నీళ్లల్ల పది నిమిషాలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోయాలె. అరకిలోకు వేయించి దంచిన నువ్వుల పొడి రెండు పెద్ద చెంచాలు వేస్తే వగరు కనపడదు.

ఇగ నా ఓటంటరా, వానకాలం బోడకాకరకే. ధర ఎక్కువనే, కానీ చేదుండదు, ఉప్పు పట్టించే పని లేదు. పైన ముండ్ల లాంటివి కత్తితో లైటుగ గీకి, నాలుగు ముక్కలు చేసి వేపుడే. తొక్క చెక్కితే దాని కరకర అంతా చెత్తబుట్టకే పోయినట్టు.

జవాబు: కందాబచ్చలి

చామదుంప తరఫున నేను.

దురదకి కారణం దుంపలో ఉండే సూదుల్లాంటి క్యాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. పచ్చిగా ఉంటే చేతికి, సరిగా ఉడక్కపోతే గొంతుకి గుచ్చుకుంటాయి. కందలోనూ ఇవే. 'కందకు లేని దురద కత్తిపీటకెందుకు' అని ఊరికే అనలేదు మరి. పచ్చి దుంప తొక్క తీసేటప్పుడు చేతికి నూనె రాసుకోండి, తడి చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. పూర్తిగా ఉడికించడం, చింతపండు పడడం, ఈ రెండూ జరిగితే గొంతు బాధ ఉండదు.

చామ వేపుడు ముద్ద కావడానికి కారణం వేరు: ఎక్కువ ఉడకడం. ఒకే సైజు దుంపలు ఏరుకుని, తొక్కతోనే కుక్కర్లో ఒక్క కూత, పెద్దవైతే రెండు. కత్తి గుచ్చితే దిగాలి కానీ దుంప విచ్చిపోకూడదు. పూర్తిగా చల్లారాకే తొక్క తీయాలి, వేడి మీద తీస్తే జిగురంతా చేతికి అంటుకుంటుంది. ముక్కలు కోసి పది నిమిషాలు ఆరనిచ్చి, అరకిలోకి ఒక పెద్ద చెంచా బియ్యప్పిండి చల్లి, ఎర్రగా కాల్చినట్టు వేపండి.

నా ఓటు కందా బచ్చలి కూరకి. గోదావరి జిల్లాల పెళ్లిళ్లలో ఇది లేకపోతే భోజనం వెలితే. అరకిలో కంద, రెండు కట్టల బచ్చలి, నిమ్మకాయంత చింతపండు. కంద తొక్క మందంగా చెక్కేసి, ముక్కలు చింతపండు నీళ్లలో కడిగి, పసుపు వేసి మెత్తగా ఉడకబెట్టి కాస్త మెదపాలి. తరిగిన బచ్చలి, అల్లం పచ్చిమిర్చి ముద్ద, చింతపండు పులుసు, ఉప్పు వేసి ఎనిమిది నిమిషాలు దగ్గరపడనివ్వాలి. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు.

ప్రాణమంతా ఆవలో ఉంది. చెంచాన్నర ఆవాలు, రెండు ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు పది నిమిషాలు నానబెట్టి, చల్లటి నీళ్లతోనే నూరాలి. ఆవ ఘాటు నూరి తడిపినప్పుడు పుడుతుంది, వేడికి చస్తుంది. కూర దింపి, గోరువెచ్చగా అయ్యాక కలపండి. పొయ్యి మీదే కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. కలిపిన అరగంటకి రుచి కుదురుతుంది.

జవాబు: డల్లాస్_దొండకాయ

అమెరికాలో ఉన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఫ్రోజెన్ బెండకాయ కరగబెట్టకండి. కరిగితే నీళ్లూ జిగురూ కలిసి కారతాయి, ఇక వేపుడు ఆశ వదులుకోవాలి. గడ్డకట్టి ఉండగానే నూనె పట్టించి, ట్రే మీద దూరదూరంగా పరిచి, 425 ఫారన్‌హీట్ వేడి ఉన్న ఓవెన్‌లో పాతిక నిమిషాలు పెట్టండి. సగంలో ఒకసారి తిప్పాలి. ఉప్పు, కారం బయటికి తీశాకే.

చైనా దుకాణాల్లో దొరికే లేతాకుపచ్చ నున్నటి కాకర మన గరుకు కాకర కంటే చేదు తక్కువ, నీరు ఎక్కువ. పులుసుకి బాగుంటుంది. వేపుడుకి మాత్రం ఇండియన్ దుకాణం కాయే కావాలి.

జవాబు: ఆనపపాదు

పొట్లకాయ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెప్తాను, కానీ అంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది.

కాకర చేదు వేరు, ఆనపకాయ చేదు వేరు. కాకర చేదుగా ఉండడం దాని సహజం. సొరకాయ (మేము ఆనపకాయ అంటాం), బీర, దోస చేదుగా ఉన్నాయంటే అందులో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు పెరిగాయని అర్థం, అవి విషం. ఉడికించినా పోవు. చేదు సొరకాయ రసం తాగొద్దని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా హెచ్చరించింది. కాయ కోయగానే చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూసి ఉమ్మేయండి. చేదు తగిలితే కాయ మొత్తం పారేయాలి, చేదున్న కొన కోసేసి మిగతాది వండడం కాదు. తిన్నాక వాంతులు, విరేచనాలు మొదలైతే చిట్కాలు పక్కనపెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

పొట్లకాయ వాసన ఎక్కువగా పైన ఉన్న తెల్లటి పూత దగ్గర, లోపలి దూదిలో ఉంటుంది. నీళ్ల కింద ఉప్పుతో రుద్ది పూత పోగొట్టండి, నిలువునా చీల్చి గింజలు, దూది గీకేయండి. అరకిలో ముక్కలకి చెంచా ఉప్పు, పది నిమిషాలు, పిండేయడం. ఇక పాలు పోసి కూర చేసుకోండి: పోపులో ముక్కలు మగ్గాక మంట బాగా తగ్గించి అరకప్పు కాచిన పాలు పోసి, దగ్గరపడగానే దింపేయాలి. పులుపు దరిదాపుల్లోకి రాకూడదు, వస్తే విరుగుతాయి. పెరుగు పచ్చడైతే వేగిన ముక్కలు పూర్తిగా చల్లారాకే పెరుగులో వేయాలి.

పోపుగింజ

బోలెడు పని చెప్పారు, థాంక్స్ అండి. గుత్తి కాకరకి మజ్జిగలో ఉడకబెడతారు కదా, పాలమూరు గారు చెప్పినట్టు ఉప్పు పట్టించడం చాలదా? మజ్జిగ ఎంత పుల్లగా ఉండాలి?

పచ్చిపులుసు_పాలమూరు

గుత్తి కాయ నిండుగా ఉంటది, ఉప్పు లోపలిదాక పోదు. అందుకని మజ్జిగ కావాలె. ఒకరోజు పులిసిన పెరుగు ఒక కప్పు, నీళ్లు రెండు కప్పులు, అర చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు. అరకిలో చిన్న కాయలకు ఇది సరిపోతది. గాటు పెట్టి, గింజలు తీసి, ఎనిమిది నిమిషాలు ఉడకనియ్యండి. కాయ వంగాలె గని చీలొద్దు. మజ్జిగ పారబోసి, జల్లెడల గాటు కిందికి ఉండేటట్టు బోర్లించి పావుగంట ఆరబెట్టండి. లోపల తడి మిగిలితే కూరిన కారం జారి నూనెల పడి మాడతది.