1983లో మా ఊహా గేమ్ స్టూడియోని ఎలా నిలబెట్టాలి?

అందరికీ నమస్కారం. మేం ఆన్‌లైన్‌లో ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో నాది అమెరికాలోని ఒక ఊహా వీడియో గేమ్ స్టూడియో. ఆటలో కాలం ఇప్పుడు 1983కి వచ్చింది. అక్కడ కన్సోల్ మార్కెట్ కుప్పకూలిన ఏడాది కదా, మా గేమ్ కార్ట్రిడ్జ్‌లన్నీ దుకాణాల నుంచి వెనక్కి వచ్చేస్తున్నాయి. వాటి తయారీకే ఉన్న డబ్బంతా పోసేశాం.

1982లో వచ్చిన కమొడోర్ 64 అనే హోమ్ కంప్యూటర్‌కి మారదామని నా ఆలోచన. ఫ్లాపీ, క్యాసెట్ అయితే కాపీలు తీయడం చవక. మా ప్రోగ్రామర్ పాత్ర ఆడే మిత్రుడేమో 1985లో నింటెండో కన్సోల్ అమెరికాకి వచ్చేదాకా ఆగుదామంటున్నాడు. అప్పటిదాకా జీతాలెలా ఇవ్వాలి? అసలు మా పాత్రలకి ఆ సంగతి ముందే ఎలా తెలుస్తుంది? నాకు అదే పెద్ద టెన్షన్.

ఇలాంటి స్టూడియో నడిపినవాళ్ళుంటే, ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయకుండా ఎలా గట్టెక్కారో చెప్పండి, ప్లీజ్.