ఇంట్లో లేజర్ షో: మొదటి మెషిన్ ఏది కొనాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. చవితి పందిట్లో లేజర్ చూసినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. దీపావళికి మా మేడ గోడ మీద నాన్నమ్మ పేరు తెలుగులో, పక్కన ఒక నెమలి వేయాలని ఆశ. బడ్జెట్ 30,000. ఆన్‌లైన్‌లో 1,500వీ ఉన్నాయి, లక్ష పెట్టేవీ ఉన్నాయి. ఏం చూసి కొనాలండీ?

ఓరుగల్లు_వైర్లు:
తమ్ముడూ, 1,500ది వదిలేయ్. డయోడ్ ముందు గీతల గాజు పెట్టి చుక్కలు చల్లుతుంది, అంతే. నీ బొమ్మ గీయాలంటే లోపల గాల్వోలు ఉండాలి. అంటే బీమ్‌ని ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా తిప్పే రెండు బుల్లి అద్దాలు. వెనకాల 25 పిన్నుల ఇల్డా పోర్టు, అంటే కంప్యూటర్ నుంచి నీ బొమ్మ లోపలికి వెళ్లే దారి, ఉందా అని చూడు. స్టేజి లైట్లు నడిపే డీఎంఎక్స్ ఒక్కటే ఉంటే కంపెనీ వేసిన బొమ్మలే తిప్పి తిప్పి చూసుకోవాలి.

లక్ష్మి_సర్క్యూట్స్:
నేను వాట్లు చూసి మునిగాను. ‘3 వాట్లు’ అని గొప్పగా అమ్మారు, స్కానర్ (ఆ అద్దాల జత) వేగం చూస్తే 15కె. వెలుతురు దండిగా ఉంది, పేరు రాస్తే మాత్రం చలి జ్వరం వచ్చినట్టు వణుకు. లెక్క సులువే. 30కె అంటే సెకనుకు 30,000 పాయింట్లు. బొమ్మకి 1,000 పాయింట్లు పడితే సెకనుకు 30 సార్లు గీస్తుంది, కంటికి నిలుస్తుంది. అదే బొమ్మ 15కెలో 15 సార్లే, మినుకు మినుకు. ఆ 30కె కూడా 8 డిగ్రీల వెడల్పులో చెప్పే లెక్క, గోడంతా పరిస్తే తగ్గుతుంది. చీకట్లో గోడ మీద బొమ్మకి అర వాటు చాలు. వాట్లు కావాల్సింది పొగలో బీములు చూపేవాళ్లకి.

ఇంకోటి, ‘టీటీఎల్’ అని ఉంటే ఒక్కో రంగు పూర్తిగా వెలగడం, ఆరడం అంతే, కలిపినా ఏడు రంగులే. నెమలి కంఠం నీలం నుంచి ఆకుపచ్చలోకి జారాలంటే వెలుగుని కొద్దికొద్దిగా పెంచి తగ్గించే అనలాగ్ మాడ్యులేషన్ కావాలి.

గోదారిగట్టు:
అయ్యో, నేను వాట్లే చూస్తున్నా మేడమ్! తెలుగు అక్షరాలు వంకర్లు ఎక్కువ కదా, లేజర్‌కి కష్టమా?

ఓరుగల్లు_వైర్లు:
వంకర్లు అద్దాలకి ఇష్టమే, మూలలే కష్టం. మూల దగ్గర అద్దం ఆగి తిరగాలి, అక్కడ అదనంగా పాయింట్లు పెట్టాలి. మన లిపితో ఇబ్బంది ఒత్తులూ తలకట్లూ. విడిగా ఉన్న ప్రతి ముక్కకీ బీమ్ ఆర్పి దూకాలి, ఆ దూకడానికీ పాయింట్లు ఖర్చే. మామూలు ఫాంట్ పెట్టావంటే అంచులు రెండు వైపులా గీస్తుంది, ఖర్చు రెట్టింపు. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరం మీద ఒంటి గీతతో నువ్వే గీసుకో. నాకు ‘క్ష్మి’ ఒక్కటే ఒక పూట తీసుకుంది. (లక్ష్మి గారు కోప్పడకండి.)

డల్లాస్_బాబాయ్:
కంప్యూటర్‌కీ మెషిన్‌కీ మధ్య డాక్ కావాలి, అంటే బొమ్మని మెషిన్‌కి అర్థమయ్యే సిగ్నల్‌గా మార్చే చిన్న పెట్టె. హీలియోస్ అని యూఎస్‌బీది, ఓపెన్ సోర్స్, మొదటిదానికి అది చాలు. దానితో లిబరేషన్, మాడ్యులేజర్ అనే లేజర్ సాఫ్ట్‌వేర్లు రెండూ నడుస్తాయి. పాంగోలిన్ వాళ్ల క్విక్‌షో నేర్చుకోవడానికి హాయి, కానీ వాళ్ల హార్డ్‌వేరే కావాలి. నా సలహా, ముందు సాఫ్ట్‌వేర్ దించుకుని తెర మీద నెల రోజులు ఆడు, తర్వాత డబ్బు తియ్యి. ఇక్కడ మన సంఘం సంక్రాంతి సంబరాల్లో వేద్దామనుకున్నా. ఇలాంటి పెద్ద లేజర్‌ని జనం ముందు వేయాలంటే ఎఫ్‌డీఏ (అమెరికా ప్రభుత్వ సంస్థ) ఇచ్చే వేరియన్స్ అనే ప్రత్యేక అనుమతి ఉండాలి, అందుకని గ్యారేజీలోనే మన ఆట.

లక్ష్మి_సర్క్యూట్స్:
అసలు మాట మర్చిపోయాం. 500 మిల్లీవాట్లు, అంటే అర వాటు, దాటితే క్లాస్ 4, లేజర్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైన తరగతి. దానికి కాస్త తక్కువైనా రెప్ప వేసేలోపే కన్ను పోతుంది. బీమ్ తలల పైనుంచే పోవాలి, కిటికీ అద్దం మీద పడకూడదు, ఆకాశంలోకి అసలే వద్దు. మీకు మధురపూడి విమానాశ్రయం దగ్గరే కదా. ఆపే స్విచ్ చేతికి అందేలా ఉండాలి. గాల్వో ఇరుక్కుంటే వెలుగంతా ఒక్క చుక్కలో నిలబడిపోతుంది.

గోదారిగట్టు:
సరేనండీ. 30కె, ఇల్డా, అనలాగ్ ఉన్న చిన్న మెషిన్‌కి ఆగుతా, డాక్‌తో కలిపి బడ్జెట్ కాస్త పెంచాలేమో. ఈలోపు నాన్నమ్మ పేరు ‘సూర్యకాంతం’ ఒంటి గీతతో గీశా, 860 పాయింట్లు వచ్చాయి. వెయ్యిలో మిగిలిన 140 పాయింట్లకి నెమలి తోక ఒక్కటే వస్తుంది! మెషిన్ వచ్చాక ఫొటో పెడతా.

డల్లాస్_బాబాయ్:
పేరుకీ నెమలికీ వేరే ఫ్రేములు పెట్టి మార్చి మార్చి వెయ్యి, తోక మొత్తం వస్తుంది. ఫొటో మాత్రం గోడవైపు తిరిగి తియ్యి. నా ఫోన్ సెన్సార్ మీద ఒక ఆకుపచ్చ గీత ఇప్పటికీ ఉంది.