ఈ వారం సమస్య: "తన్నుఁ జంపినవాఁడె తా ధన్యుఁడయ్యె"

అందరికీ నమస్కారం అండి. ఈ వారం సమస్యగా తేటగీతి పద్యంలో ఆఖరి పాదం ఇస్తున్నా, ముందు మూడు పాదాలు రాసి పూరించాలి. పైకి చూస్తే ఆత్మహత్యని పొగిడినట్టుంది, ఆ అర్థం ఏ మూలా మిగలకుండా విరిచేయడమే మీ పని. చచ్చేది ఒళ్లు కాదు, నేను నేను అని లోపల ఎగిరిపడేదని పూరణలో తెలియాలి.

గోదారిగట్టు:

నాది నాదను మాటలో నలఁగి నలఁగి
కడకు లోపలఁ జూడఁగాఁ గలిగె నెఱుక
నేను ఎవరంచుఁ బ్రశ్నించి నిలిచియుండి
తన్నుఁ జంపినవాఁడె తా ధన్యుఁడయ్యె

పద్యపిపాస: ఎత్తుగడ బావుందండి. మూడో పాదంలో "నేను ఎవరంచు" విసంధి (సంధి చేయకుండా వదిలేసినట్టు), "నేనెవఁడ నంచు" అంటే గణాలూ యతీ రెండూ సరిపోతాయి. అసలు లోటు వేరే ఉంది, ఆ "తన్ను" ఎవరన్నది పద్యం చెప్పలేదు, అది చెప్పకపోతే సమస్య సగమే తీరినట్టు. నా ప్రయత్నం, రమణ మహర్షి గురించి:

చావు భయమున మధురలో శవమువోలె
మేనుఁ జాఁచిన బాలుండు మేను గాక
యెవ్వఁ డీ నేనటంచుఁ దా నెఱిఁగి లోన
తన్నుఁ జంపినవాఁడె తా ధన్యుఁడయ్యె

1896లో మధురై బాబాయి గారింట్లో పదహారేళ్ల కుర్రాడు ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంటే పారిపోకుండా శవంలా పడుకుని, ఈ ఒళ్లు పోతే నేనూ పోతానా అని చూసుకున్నాడు, ఈ సమస్యకి అంతకంటే దగ్గరి ఘట్టం నాకు తోచలేదు.

నిర్వాహకుడు: చదువుతూ ఆగిపోయానండి. మొదటి పాదంలో "చావు"కీ "శవము"కీ చ–శ యతి కూడా హాయిగా కుదిరింది. నాకు మాత్రం రమణుల శిష్యుడు, సంస్కృత కవి కావ్యకంఠ గణపతి ముని గుర్తొచ్చారు. మన బొబ్బిలి దగ్గర కలవరాయి ఆయన ఊరు, 1900లో బెంగాల్లోని నవద్వీపం సభలో సమస్యలు ఆశువుగా పూరించే "కావ్యకంఠ" బిరుదు తెచ్చుకున్నారు, అంత గెలిచినా తపస్సంటే ఏంటో తెలీలేదని 1907 నవంబరు 18న అరుణాచలంలో విరూపాక్ష గుహకెక్కి తనకంటే ఏడాది చిన్నవాడైన రమణుల కాళ్ల మీద పడ్డారు. నేను నేను అనేది ఎక్కడ పుడుతోందో చూస్తే మనసు అక్కడే అణుగుతుంది, అదే తపస్సు అని జవాబొచ్చింది.

సభలఁ బూరణల్ గెలిచినఁ జాల దనుచు
గుహకుఁ జని తపమన నేమొ గుఱుతుఁ దెలిసి
నేను పుట్టుచో టారసి నిలిచి యందె
తన్నుఁ జంపినవాఁడె తా ధన్యుఁడయ్యె

పద్యపిపాస: మూడో పాదం చాలా నచ్చిందండి, కానీ పద్యంలో కావ్యకంఠుల పేరు లేదు, మీ వచనం చదవనివాళ్లకి ఎవరి గురించో అర్థం కాదు.

నిర్వాహకుడు: నిజమేనండి, ఒప్పుకుంటున్నా. ఒకప్పుడు నా పద్యంలో ఎవరో గణభంగం చూపిస్తే వారం రోజులు మనసులో మండిపోయింది, తర్వాత ఓ రాత్రి కూర్చుని బాధపడేది ఎవరు, పద్యమా నేనా అని అడుక్కుంటే, పద్యానికి నొప్పి లేదు, నా పేరుకే ఉందని తెలిసింది. అప్పట్నుంచి తప్పు చూపినవాళ్లకి ముందు దణ్ణం పెట్టి తర్వాతే పద్యం దిద్దుకుంటున్నా.

గోదారిగట్టు: ఇద్దరికీ ధన్యవాదాలండి. రెండో పాదం తీసేసి, విసంధి సరిచేసి మళ్లీ రాశాను, చూడండి.

నాది నాదను మాటలో నలఁగి నలఁగి
నేనెవఁడ నంచుఁ బ్రశ్నించి నిలిచియుండి
తాన యనుకొన్న యహమును దఱచి చూచి
తన్నుఁ జంపినవాఁడె తా ధన్యుఁడయ్యె