"లోబడి" అన్న ఒక్క మాట: అమెరికాలో పుడితే పౌరులేనా?

ఫ్రిస్కో నాన్న (2025 డిసెంబర్ 6)
జన్మతః పౌరసత్వం కేసును నిన్న అమెరికా సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది. మేముండేది టెక్సస్‌లో డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. నాది హెచ్1బి, అంటే ఉద్యోగ వీసా. మా ఆవిడది హెచ్4, నా వీసా మీద ఆధారపడ్డది. గ్రీన్‌కార్డు వరసలో నిలబడి ఏళ్లయింది. ఫిబ్రవరిలో డెలివరీ. జనవరి 20న ట్రంప్ సంతకం పెట్టిన ఉత్తర్వు ప్రకారం తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే బిడ్డ పౌరురాలు కాదు. కోర్టులు ఆపబట్టి అది ఇంకా అమల్లోకి రాలేదు. మా మామగారు రోజూ ఫోన్ చేసి "రాజ్యాంగంలో రాసుంటే ఎలా తీసేస్తారయ్యా?" అంటున్నారు. రాసుందో లేదో కాస్త తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గోల వద్దు.

బెజవాడ ప్లీడరు
రాసుంది. 1868 నాటి 14వ సవరణ మొదటి వాక్యమే అది. అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధికి లోబడి ఉన్నవాళ్లంతా పౌరులే. కొట్లాటంతా ఆ "లోబడి" దగ్గరే. అసలా సవరణ ఎందుకొచ్చిందంటే, 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో ఇదే సుప్రీంకోర్టు నల్లవాళ్లు పౌరులు కాలేరని తేల్చింది. అంతర్యుద్ధం అయ్యాక ఆ తీర్పును పాతిపెట్టారు.

ఇక వాంగ్ కిమ్ ఆర్క్ కథ. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వంటవాడు. అమ్మానాన్నలు చైనావాళ్లు, వాళ్లకు పౌరసత్వం ఇచ్చే వీలే అప్పటి చట్టంలో లేదు. ఇతను చైనా వెళ్లి 1895లో తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కాదంటూ ఓడ దిగనివ్వలేదు. చైనా కూలీలను రానివ్వకూడదని 1882లో చేసిన చట్టం జోరుమీదున్న రోజులవి. అయినా 1898లో కోర్టు 6-2తో అతను పౌరుడేనంది. తీర్పు రాసిన జస్టిస్ గ్రే చెప్పిన లెక్క ఏమిటంటే, పరాయి దేశస్థుడైనా ఈ నేల మీద ఉన్నంతసేపు ఇక్కడి చట్టానికి లోబడినవాడే, ఆ విధేయత తాత్కాలికమే అయినా సరే. రాయబారుల పిల్లలు, దండెత్తి వచ్చిన శత్రుసైనికుల పిల్లలు, తెగల ఏలుబడిలో పుట్టిన ఆదివాసులు, ఇలాంటి కొద్దిమందికే మినహాయింపు.

మీరు డల్లాస్‌లో ఎర్రలైటు దాటితే కోర్టుకు పోవాలి. రాయబారి మీద ఆ కేసు నడవదు. "లోబడి" అంటే అంతే.

అనుమానపు పక్షి
ప్లీడరు గారూ, మీకు అనుకూలమైన సగమే చెప్పారు. వాంగ్ తల్లిదండ్రులకు అమెరికాలో స్థిరనివాసం ఉంది, తీర్పులో ఆ మాట పదేపదే వస్తుంది. గడువు వీసాతో వచ్చినవాళ్ల సంగతి ఆ కోర్టు తేల్చలేదన్నది ట్రంప్ ప్రభుత్వ వాదన. నాకు ట్రంప్ అంటే మోజేం లేదు గానీ, అది తీసిపారేసే వాదన కాదు.

జాన్ ఎల్క్ సంగతి ఎందుకు దాటేశారు? తెగను వదిలి ఒమాహాలో తెల్లవాళ్ల మధ్య బతికిన ఆదివాసి. ఓటరుగా నమోదు చేయమంటే, పుట్టినప్పుడు నువ్వు లోబడి లేవు పొమ్మంది 1884లో ఇదే కోర్టు. ఒమాహాలో దొంగతనం చేస్తే అతన్ని జైల్లో పెట్టరా? మీ ఎర్రలైటు లెక్క ఇక్కడ చెల్లలేదు.

1866లో ఈ పౌరసత్వ వాక్యాన్ని సెనేట్‌లో ప్రవేశపెట్టిన హోవార్డ్ ప్రసంగం కూడా చదవండి. విదేశీయులు, పరాయివాళ్లు, రాయబారుల కుటుంబాలకు చెందినవాళ్లు ఇందులోకి రారన్నాడు. ఆ కామాల మధ్య ఉన్నది మూడు రకాల మనుషులా, లేక మొదటి రెండూ మూడోదాన్నే చెబుతున్నాయా?

ఇంకొకటి. మన దేశంలో 1987 జులై 1కి ముందు పుడితే చాలు. ఆ తర్వాత అమ్మానాన్నల్లో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబర్ 3 నుంచి రెండోవాళ్లు అక్రమ వలసదారు కూడా కాకూడదు. మనం తీసేస్తే సబబు, వాళ్లు తీసేస్తే ఘోరమా?

బెజవాడ ప్లీడరు
చివరి మాట ముందు పట్టుకుంటా. మన దగ్గర తీసేసింది పార్లమెంటు, చట్టం చేసి. ఆ అధికారం రాజ్యాంగం 11వ అధికరణంలోనే ఉంది. బ్రిటన్ కూడా చట్టంతోనే తీసేసింది. ఐర్లండ్ 2004లో జనాన్ని ఓటు అడిగి మరీ మార్చింది. అమెరికాలో సంగతి రాజ్యాంగంలోకే ఎక్కి కూర్చుంది కాబట్టి మార్చాలంటే రెండు సభల్లో మూడింట రెండొంతులు, ఆపైన 38 రాష్ట్రాలు. టూరిస్టు వీసా మీద వచ్చి, కని, పాస్‌పోర్టు పట్టుకుని వెళ్లిపోవడం నాకూ నచ్చదు. అంతమాత్రాన అధ్యక్షుడి సంతకం సవరణ అయిపోదు.

ఎల్క్ పుట్టింది తెగ ఏలుబడిలో. తెగలతో అమెరికా పరాయి రాజ్యాల్లాగా ఒప్పందాలు రాసుకునేది. వాళ్లందరికీ పౌరసత్వం 1924లో విడిగా చట్టం చేసి ఇచ్చారు. ఫ్రిస్కోలో ఆస్పత్రి ఏ తెగ కిందా లేదు.

స్థిరనివాసమే కొలత అంటారా, సరే. హెచ్1బి మీద ఉంటూనే గ్రీన్‌కార్డుకు పెట్టుకోవచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ140 దరఖాస్తు ఆమోదమై, ఇల్లు కొని, పన్ను కడుతూ పదేళ్లుగా ఉన్నవాడిని చుట్టపుచూపుగా వచ్చాడంటే ఎవరు నమ్ముతారు?

అనుమానపు పక్షి
ఈ చివరిది ఒప్పుకుంటా. ఉత్తర్వు హెచ్1బినీ టూరిస్టునీ ఒకే గాటన కట్టడం నాకూ మింగుడుపడలేదు. కామా సంగతి మాత్రం తప్పించుకున్నారు.

న్యూజెర్సీ అమ్మ
మీ కామాలు పక్కన పెట్టండి. మూడేళ్ల కింద మా బాబు పుట్టిన మర్నాడు నర్సు క్లిప్‌బోర్డు తెచ్చిచ్చింది. బిడ్డ పేరు, మేం పుట్టిన దేశం, ఏం చదివాం, సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలంటే ఇక్కడ టిక్ పెట్టండి. మీ వీసా ఏంటని అడిగే గడి ఒక్కటీ లేదు. నిద్రలేక ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు రాశాను, దాన్ని సరిచేయించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. రేపు ఈ ఉత్తర్వు అమలైతే కన్న ప్రతి తల్లీ కాగితాలు చూపించాలిగా, తరతరాలుగా ఇక్కడున్నవాళ్లతో సహా? ఆ కాగితాలు చూసేదెవరు, నర్సా?

ఫ్రిస్కో నాన్న
అక్కా, ఇది నాకసలు తట్టలేదు. ప్లీడరు గారూ, జూన్‌లోనే సుప్రీంకోర్టు ట్రంప్ వైపు తీర్పిచ్చేసిందని మా వాట్సాప్ గ్రూపులో ఒకటే హోరు. నిజమేనా?

బెజవాడ ప్లీడరు
జూన్ 27న 6-3తో తేల్చింది వేరే సంగతి. ఒక జిల్లా జడ్జి దేశమంతటికీ వర్తించేలా ఉత్తర్వును ఆపవచ్చా అంటే, మామూలుగా కుదరదంది. పౌరసత్వం జోలికి పోలేదు. రెండు వారాలకే, జులై 10న, న్యూహాంప్‌షైర్‌లో జడ్జి లాప్లాంట్ ఇలాంటి పిల్లలందరినీ ఒక వర్గంగా చేర్చి మళ్లీ ఆపారు. నిన్న సుప్రీంకోర్టు తీసుకుంది ఆ కేసునే. మీ బిడ్డ కూడా ఆ వర్గంలోకే వస్తుంది.

ఇక పక్షి గారి కామా. అదే చర్చలో పెన్సిల్వేనియా సెనేటర్ కోవన్, చైనావాళ్ల పిల్లలు, జిప్సీల పిల్లలు కూడా పౌరులైపోతారా అని గోల పెట్టాడు. కాలిఫోర్నియా సెనేటర్ కానెస్ లేచి, చైనావాళ్ల పిల్లల సంగతి అవునన్నాడు. అది విన్నాకే సభ ఓటేసింది. పైగా హోవార్డ్ నోటితో మాట్లాడాడు, కామాలు పెట్టింది రాసుకున్న విలేఖరి.

అనుమానపు పక్షి
విలేఖరి చెవి మీద మీకు నమ్మకం లేకపోతే, కానెస్ మాటలు రాసుకున్నదీ ఆ విలేఖరులే కదండీ.

న్యూజెర్సీ అమ్మ
ఫ్రిస్కో తమ్ముడూ, ఆ ఫారం నువ్వే నింపు, మీ ఆవిడకు ఇవ్వకు. ఇంటిపేరు పాస్‌పోర్టు చూసి అక్షరం అక్షరం రాయి.