డెస్క్‌టాప్ ఆన్ అయినట్టే అయి ఆగిపోతోంది: ఫార్మాట్ తప్పదా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

అందరికీ నమస్కారం. మిర్యాలగూడలో రైస్‌మిల్లులున్న వైపు మాకు చిన్న డీటీపీ, జిరాక్స్ సెంటర్ ఉంది. దసరాకు మెయిన్ ఆపేసి, తాళం వేసి, పది రోజులు ఊరికి వెళ్లి వచ్చాము. వచ్చాక బటన్ నొక్కితే సీపీయూ లోపల ఫ్యాను మూడు నాలుగు సెకన్లు తిరిగి ఆగిపోతోంది, కాసేపటికి దానంతటదే మళ్లీ తిరుగుతోంది. మానిటర్ మీద మాత్రం ఏమీ రావడం లేదు. పది పన్నెండు సార్లు ప్రయత్నిస్తే ఎప్పుడో ఒకసారి తెర వెలుగుతుంది. అప్పుడు కూడా తేదీ, సమయం సరిచేయమని, ఎఫ్1 నొక్కమని ఇంగ్లీషులో వస్తుంది. నొక్కితే విండోస్ 7 గుర్తు కనిపించీ కనిపించకముందే నీలం తెర ఒకటి మెరుపులా వచ్చి పోయి, కథ మొదటికొస్తుంది. స్టార్టప్ రిపేర్ అరగంట నడిపినా ఫలితం లేదు.

ఇక్కడ ఒక షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందని, మార్చాక ఫార్మాట్ చేయక తప్పదని, సీ డ్రైవ్‌లో ఉన్నవి దక్కవని చెప్పారు. నా దిగులంతా అక్కడే ఉంది. ఇన్నేళ్లుగా చేసిన శుభలేఖలు, కరపత్రాలు అన్నీ అనూ ఫాంట్లలో పేజ్‌మేకర్ ఫైళ్లుగా డెస్క్‌టాప్ మీదే ఉంచుకున్నాను. కార్తీకంలో పెళ్లిళ్లున్న మూడిళ్ల శుభలేఖలు ప్రూఫు దశలో ఆగిపోయాయి. కంప్యూటర్ 2015లో కొన్నది. నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్‌లు రెండు ఉన్నాయి. బోర్డు నిజంగా పోయిందో లేదో తెలుసుకునే మార్గం ఉందా?

జవాబు (జడ్చర్ల నుంచి)

అమ్మా, నేను జడ్చర్లలో చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. అప్పుడప్పుడైనా తెర వెలిగి, విండోస్ గుర్తు దాకా వస్తున్న బోర్డును పోయిందని అంత తొందరగా చెప్పడం సరికాదు. మీరు చెప్పినవి చూస్తే ఒకటి కాదు, రెండు తప్పులు ఒకేసారి వచ్చి పడ్డట్టు కనిపిస్తోంది.

ఫ్యాను తిరిగి ఆగి, మళ్లీ తిరగడమనేది చాలాసార్లు బోర్డుకు ర్యామ్ సరిగా అందనప్పుడు జరుగుతుంది. మిల్లుల దగ్గర షాపు అన్నారు కదా, ఆ ఊక దుమ్ము సన్నటి పిండిలా ర్యామ్ స్లాట్లలోకి దిగి, వానల తేమకు అక్కడే అట్టకడుతుంది. ప్లగ్గు పూర్తిగా పీకి, ఆ తర్వాత పవర్ బటన్‌ను ఐదారు సెకన్లు నొక్కి పట్టి లోపల మిగిలిన కరెంటు పోనివ్వండి. క్యాబినెట్ రేకును చేత్తో ఒకసారి ముట్టుకుని, రెండు ర్యామ్‌లూ తీసి, వాటి అంచున ఉన్న బంగారు రంగు గీతలను పిల్లలు పెన్సిల్ రాతకు వాడే మెత్తటి రబ్బరుతో రెండు వైపులా తుడవండి. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడకుండా ఆ పని దూరంగా చేయాలి. స్లాట్లను పెయింటు కొత్త బ్రష్షుతో పొడిగా దులపండి, నోటితో ఊదకండి, తడి తగులుతుంది. బ్లోయర్ వాడితే ప్రాసెసర్ ఫ్యాను తిరగకుండా వేలు అడ్డం పెట్టండి.

తిరిగి పెట్టేముందు చిన్న పరీక్ష చేయండి. బోర్డు మీద స్పీకర్ అని రాసి ఉన్న నాలుగు పిన్నులకు తగిలించే బుల్లి బజర్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో చవకగా దొరుకుతుంది. ర్యామ్ ఒక్కటీ లేకుండా ఆన్ చేసినప్పుడు బీప్ బీప్ అని అరిచిందంటే ప్రాసెసర్, బోర్డు, బయోస్ (విండోస్ కన్నా ముందు కంప్యూటర్‌ను లేపే, బోర్డులోని చిన్న ప్రోగ్రామ్) బతికే ఉన్నాయని అర్థం, ర్యామ్ లేదని చెప్పేది అవే కాబట్టి. అరవకపోతే అప్పుడు బోర్డును అనుమానిద్దాం. తర్వాత ఒక్కో ర్యామ్‌నూ ఒక్కో స్లాట్‌లో మార్చి మార్చి పెట్టి చూడండి. పెట్టేటప్పుడు చివర ఉన్న కొక్కెం టక్కుమని పడాలి.

ఇక తేదీ సంగతి. రూపాయి బిళ్ల సైజులో బోర్డు మీద సీఆర్2032 సెల్ ఉంటుంది, 3 వోల్టులది. ప్లగ్గులో కరెంటున్నంత సేపు కంప్యూటర్ ఆపి ఉన్నా గడియారానికి ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటును తగ్గించి బోర్డుకు ఇచ్చే డబ్బా) నుంచే శక్తి అందుతుంది; మీరు పది రోజులు మెయిన్ ఆపేశారు కాబట్టి ఆ భారమంతా పదేళ్ల పాత సెల్ మీద పడింది. కొత్తది వేయండి. తేదీ సరిచేయకపోతే బ్యాంకు సైట్లు, ప్రభుత్వ సైట్లు కూడా తెరుచుకోవు.

జవాబు (నల్లగొండ నుంచి)

పైవారు చెప్పిన వరుస బాగుంది. నాది ఒక్కటే మనవి: ఏ ప్రయోగమూ మొదలుపెట్టకముందే హార్డ్‌డిస్క్‌ను విప్పి, సాటా (డిస్క్‌ను బోర్డుకు కలిపే కనెక్షన్) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, మీ ఫైళ్లన్నీ కాపీ చేసుకోండి. డెస్క్‌టాప్ డిస్క్ అయితే విడిగా 12 వోల్టుల సరఫరా ఉన్న అడాప్టరే కావాలి, ల్యాప్‌టాప్ డిస్కులకు వాడే సన్న కేబుల్ సరిపోదు. బోర్డు మార్చినంత మాత్రాన డిస్క్‌లోని ఫైళ్లు ఎక్కడికీ పోవు, మిమ్మల్ని అనవసరంగా భయపెట్టారు.

ఎస్‌ఎంపీఎస్‌ను కూడా కొలిపించండి. పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఎరుపు తీగ మీద 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి, అదీ కంప్యూటర్ నడుస్తుండగా చూడాలి. ఆ డబ్బాను మాత్రం విప్పకండి, ప్లగ్గు తీసినా లోపల 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

ప్రశ్న అడిగిన వారు

మీ ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. ముందుగా మా మరిది కంప్యూటర్‌లోకి ఫైళ్లన్నీ కాపీ చేసుకున్నాను. శుభలేఖల ఫోల్డర్ తెరుచుకున్నాకే నాకు ముద్ద దిగింది. ర్యామ్‌లు లేకుండా ఆన్ చేస్తే బజర్ గట్టిగా అరిచింది! తుడిచిన రబ్బరు నల్లగా అయింది. రెండు ర్యామ్‌లూ పెడితే ఇప్పుడు మొదటిసారికే తెర వస్తోంది. పాత సెల్‌ను మీటర్‌తో చూస్తే 2.3 వోల్టులే ఉంది, కొత్తది వేశాను. ఎస్‌ఎంపీఎస్ 11.9 చూపింది. అయితే నీలం తెర మాత్రం పోలేదు. షాపువారు మళ్లీ ఫార్మాటే అంటున్నారు.

జవాబు (జడ్చర్ల నుంచి)

వద్దమ్మా, ఆగండి. ఆన్ చేయగానే ఎఫ్8 నొక్కుతూ ఉండండి. వచ్చే జాబితాలో సిస్టమ్ ఫెయిల్ అయినప్పుడు ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపమనే వరుసను ఎంచుకుంటే నీలం తెర కదలకుండా నిలుస్తుంది. అందులో స్టాప్ కోడ్ చివర 7బి ఉంటే, విండోస్‌కు తన డిస్క్ కనబడటం లేదని అర్థం. సెల్ పోయినప్పుడు బయోస్ సెట్టింగులు కంపెనీ పెట్టిన స్థితికి వెళ్లిపోతాయి. బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతిని సాటా మోడ్ అంటారు, అందులో ఐడీఈ పాతది, ఏహెచ్‌సీఐ కొత్తది. మీ విండోస్ 7ను అప్పట్లో సాటా మోడ్ ఐడీఈలో ఉండగా వేసి ఉంటే, ఇప్పుడది ఏహెచ్‌సీఐకి మారిపోయి ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఐడీఈకి మార్చి, ఎఫ్10తో సేవ్ చేయండి. విండోస్ వేసింది ఏ మోడ్‌లోనో అదే ఉండాలి.

ప్రశ్న అడిగిన వారు

కోడ్ చివర మీరన్నట్టే 7బి ఉంది. ఐడీఈకి మార్చగానే విండోస్ మామూలుగా తెరుచుకుంది, డెస్క్‌టాప్ మీది ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సెల్‌కు, ర్యామ్ దుమ్ముకు అయిన ఖర్చు ఒక జిరాక్స్ పేపరు కట్ట ఖరీదంత కూడా లేదు. మొదటి శుభలేఖ ప్రూఫు పెళ్లివారికి సాయంత్రమే పంపించాను అన్నగారూ. మిల్లుల వైపు కిటికీకి రేపు సన్న జాలీ కొట్టిస్తున్నాను.