హకొదాతే పొద్దుటి మార్కెట్: ఒక్క గిన్నె చేపల అన్నం కోసం అంత దూరం వెళ్లాలా?

వాన_చినుకు

అక్టోబర్‌లో అమ్మానాన్న టోక్యోకి మా దగ్గరికి వస్తున్నారు. నాన్నది నరసాపురం, చేప లేనిదే ముద్ద దిగదు. జపాన్ ఉత్తర ద్వీపం హొక్కైదో దక్షిణ కొసన ఉన్న హకొదాతే తీసుకెళ్దామని నా ఆలోచన. పాత రేవు, స్టేషన్ పక్కనే పొద్దుటి మార్కెట్, తొట్టెలో స్క్విడ్‌ని మనమే గాలం వేసి పట్టుకుంటే అప్పటికప్పుడు కోసి పెడతారట. ఆఫీసులో అడిగితే సగం మంది "తప్పకుండా వెళ్లు" అంటున్నారు, సగం మంది "అదంతా టూరిస్టుల కోసం పెట్టిన షో, ఆ డబ్బుతో టోక్యోలోనే ఇంకా మంచి చేప తినొచ్చు" అంటున్నారు. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఊరికే తిప్పి అలసిపోయేలా చేయడం నాకిష్టం లేదు.

గోల్కొండ_రైలు

వద్దండీ. పోయిన ఏడాది నవంబర్‌లో నలుగురం వెళ్లాం. టోక్యో నుంచి షింకాన్‌సెన్‌లో (బుల్లెట్ రైలు) నాలుగు గంటలు, మనిషికి ఒకవైపే దాదాపు 23 వేల యెన్లు. దిగేది కూడా ఊళ్లో కాదు, షిన్-హకొదాతే-హొకుతో అనే స్టేషన్‌లో, అక్కడి నుంచి ఇంకో రైలు. ఇంత చేసి మార్కెట్‌లో అడుగు పెడితే ప్రతి దుకాణం వాడూ చేయి ఊపి లోపలికి రమ్మనేవాడే. ఒక చోట కూర్చున్నాం (పేరు చెప్పను), గిన్నె 4,800 యెన్లు. పీత, సాల్మన్, సీ అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే సముద్ర జీవి, లోపలి మెత్తటి భాగం తింటారు), సాల్మన్ గుడ్లు. తిన్నాక గోడ మీద చిన్న అక్షరాల్లో రాసింది మా ఫ్రెండ్ చదివి చెప్పాడు: పీత రష్యాది, సాల్మన్ నార్వేది. సీ అర్చిన్ చేదుగా ఉంది, మందు బిళ్ల నాకినట్టు. ఏ స్క్విడ్ కోసమైతే వెళ్లామో అది ఆ రోజు లేనే లేదు, బోర్డు తిప్పి పెట్టారు. సాయంత్రం రైలుకే వెనక్కి వచ్చేశాం. పెద్దవాళ్లను అంత దూరం తీసుకెళ్లి ఇది చూపించడం నాకైతే మనసొప్పదు.

చేపల_చదువు

హొక్కైదో యూనివర్సిటీ ఫిషరీస్ విభాగం హకొదాతేలోనే ఉంది, అక్కడ రెండేళ్లు చదివాను. మాది కాకినాడ. గోల్కొండ_రైలు గారు చెప్పిన ప్రతి విషయం నిజమే, కానీ ఆయన తేల్చిన మాట మాత్రం నేను ఒప్పుకోను. ఒక్కొక్కటే చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

పీత సంగతి: జపాన్‌లో తినే పెద్ద తరబా పీతలో చాలా భాగం ఎప్పటి నుంచో రష్యా నీళ్లదే, హకొదాతేలోనే కాదు టోక్యోలో తిన్నా అంతే. సాల్మన్ సంగతి: హొక్కైదో సముద్రంలో పట్టే సాల్మన్‌లో అనిసాకిస్ అనే పురుగు ఉంటుంది కాబట్టి దాన్ని పచ్చిగా పెట్టరు, కాలుస్తారు, ఉప్పు పట్టిస్తారు, లేదా గడ్డకట్టించి తింటారు (అక్కడి మూలవాసులైన ఐనుల పాత పద్ధతి అది). గిన్నెలో పచ్చిగా కనిపించే నారింజ రంగు సాల్మన్ పెంపకం చేప, నార్వే నుంచో చిలీ నుంచో వస్తుంది. కానీ ఆ గుడ్లు మాత్రం అక్కడివే అయ్యే అవకాశం ఎక్కువ, సెప్టెంబర్, అక్టోబర్‌లలో సాల్మన్ నదుల వైపు తిరిగొచ్చేటప్పుడు తీసి సోయాలో ఊరబెడతారు. ఇక సీ అర్చిన్ చేదు. అది తొందరగా కరిగి ముద్దయిపోతుంది, ఆకారం నిలబడ్డానికి పటిక కలుపుతారు, మీ నాలుకకు తగిలింది ఆ పటికే. పటిక కలపకుండా ఉప్పు నీళ్లలో ఉంచి అమ్మేది వేరే ఉంటుంది, ధర ఎక్కువ, అడిగితే చూపిస్తారు. అది తింటే మళ్లీ పటిక వేసినది ముట్టరు.

అంటే మీరు తిన్న నాలుగింట్లో రెండు ఆ ఊరివే కావు, ఒకటి పటిక పట్టింది. తప్పు ఊరిది కాదు, ఆ గిన్నెది. ఫొటోలో అందంగా ఉండాలని ఏడాది పొడుగునా ఒకేలా కనిపించే గిన్నె అది. సముద్రం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు కదా.

స్క్విడ్ గురించి చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది. ఆ ఊరికి అధికారికంగానే చేప గుర్తు స్క్విడ్. జూన్‌లో సురుమె-ఇకా (అక్కడ ఎక్కువగా పట్టే స్క్విడ్ రకం) సీజన్ మొదలైతే ఇదివరకు తెల్లారేసరికి సైకిల్ మీద, ట్రక్కుల మీద ఇంటింటికీ అమ్మేవారట, మా ల్యాబ్‌లో పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. జపాన్ మొత్తం మీద 2011లో రెండు లక్షల టన్నులకు పైగా పట్టిన సురుమె-ఇకా, 2023కి వచ్చేసరికి 20 వేల టన్నుల చుట్టుపక్కలకు పడిపోయింది. ఈ జీవి బతికేది ఒక్క ఏడాదే. గుడ్లు పెట్టేది ఎక్కడో దక్షిణాన తూర్పు చైనా సముద్రం వైపు, అక్కడ నీటి వేడి కొంచెం అటూ ఇటూ అయినా పిల్ల బతకదు, ఆ తర్వాతి ఏడాది ఇక్కడ వల ఖాళీ. దానికి తోడు ఇతర దేశాల పడవలు కూడా అదే గుంపును పడతాయి. కాబట్టి మీరు చూసిన తిప్పిన బోర్డు మోసం కాదండీ. మోసం చేయదలచుకుంటే ఎక్కడిదో గడ్డకట్టిన స్క్విడ్ తెచ్చి పెట్టేవాళ్లే.

గోల్కొండ_రైలు

వివరంగా చెప్పారు, థాంక్స్. కానీ నా ప్రశ్న అక్కడే ఉంది. స్క్విడ్ లేదని వాళ్లకి తెలుసు, అయినా మ్యాన్‌హోల్ మూత మీద స్క్విడ్, పోస్టర్ మీద స్క్విడ్, కీచైన్ మీద స్క్విడ్. పేరు చెప్పి పిలుస్తున్నది దాన్నే కదా? మన దగ్గర పులస కథ గుర్తు రావడం లేదా, ఒడిశా నుంచి వచ్చిన చేపకి గోదావరి పేరు పెట్టి వేలకు వేలు గుంజుతారు. ఇది వేరే దేశం కాబట్టి మనకు అలా అనిపించడం లేదు, అంతే. రేట్ల బోర్డు పెద్ద అక్షరాల్లో ఉంది, ఏ దేశం చేపో చెప్పే బోర్డు చిన్న అక్షరాల్లో ఉంది. అది కావాలని చేసిందే.

చేపల_చదువు

అక్షరాల సైజు గురించి మీరన్నది న్యాయమే, దాన్ని నేను సమర్థించను. ఆ వీధిలో కొన్ని దుకాణాలు అలాగే ఉన్నాయి, స్టూడెంట్‌గా ఉన్నప్పుడు మేమూ వాటి జోలికి వెళ్లేవాళ్లం కాదు. కానీ ఆ మార్కెట్‌ని కేవలం టూరిస్టుల కోసం కట్టిన సెట్ అంటే బాధేస్తుంది. 1945లో యుద్ధం ముగిశాక చుట్టుపక్కల రైతులు స్టేషన్ ముందు కూరగాయలు పెట్టుకుని అమ్మడంతో మొదలైన సంత అది. ఇప్పటికీ లోపలి వరసల్లో ముసలమ్మలు చలికాలంలో నల్ల ముల్లంగి, ఎండు కొంబు కట్టలు పెట్టుకుని కూర్చుంటారు. కొంబు అంటే సముద్రపు నాచు, ఆ ఊరు స్క్విడ్ కంటే ముందు దాంతోనే బతికింది, పాతకాలంలో ఓడల్లో ఒసాకా దాకా వెళ్లేది.

ఇంకో విషయం. స్క్విడ్ పోయిన నీళ్లలోకి బురి వచ్చింది. తోక దగ్గర పసుపు రంగుండే పెద్ద చేప, ఇదివరకు దక్షిణాదిన దొరికేది, సముద్రం వేడెక్కాక గత పదిహేనేళ్లలో హొక్కైదో వల నిండా అదే. మొదట్లో అక్కడి జనానికి దాన్ని ఎలా వండుకోవాలో కూడా తెలీదు, అమ్మితే ధర రాదు. ఇప్పుడు దాన్ని వేయించి తీపి సోయా రసంలో ముంచి కట్లెట్‌లా పెడుతున్నారు. తరతరాలుగా ఒక జీవి మీద బతికిన ఊరు, అది లేకుండా పోతుంటే ఇంకో దాన్ని నేర్చుకుంటోంది. బతకడానికి తంటాలు పడుతున్న ఊరిని పులస దళారీలతో ఒక్క గాటన కట్టకండి, ప్లీజ్.

ఉల్లికాడ

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. వాన_చినుకు గారూ, అమ్మగారు కూడా చేప తింటారా? మా అత్తగారు శాకాహారి, హకొదాతేలో రెండు రోజులు ఆవిడ అరటిపండ్లు, పెరుగు, నేను మోసుకెళ్లిన పులిహోరతో గడిపారు. జపాన్‌లో కూరగాయల కూరలో కూడా ఎండు చేప రసం పోస్తారు, "చేప వద్దు" అంటే ముక్కలు తీసేస్తారు గానీ రసం అదే. ముందే హోటల్‌తో మాట్లాడుకోండి.

రెండోది, ఆ గిన్నెలో కాళ్లు కదిలే స్క్విడ్ పెడతారు చూడండి, ఒదోరి-దొన్ అంటారు. పక్క టేబుల్ వాళ్లు సోయా పోయగానే కాళ్లు అల్లల్లాడాయి, మా పాప ఏడుపు మొదలుపెట్టింది, ఆ రోజంతా తిండి తినలేదు. బతికుండగానే తింటున్నారా? నాకు ఇప్పటికీ మనసులో కెలుకుతూనే ఉంది.

చేపల_చదువు

ఉల్లికాడ గారూ, ఆ సరికి అది బతికి ఉండదు. తల భాగం, పేగులు వేరు చేసేస్తారు. సోయాలోని ఉప్పు తగలగానే ఇంకా శక్తి మిగిలున్న కండరాలు ముడుచుకుంటాయి, అది కదలికలా కనిపిస్తుంది. శాస్త్రం అదే. కానీ పాప చూసింది కదలికే కదా, ఆ పాపకు ఈ వివరణ పనికిరాదు. ఊరికే వీడియో కోసం చేసే పని అది, నేను రెండేళ్లలో ఒక్కసారీ తినలేదు, ఎవరికీ చెప్పను కూడా.

స్క్విడ్ చూడాలంటే తొట్టె దగ్గర నిలబడి చూడండి చాలు. నీళ్లలో ఉన్నప్పుడు గాజులా ఉంటుంది, లోపలి అవయవం నీడలా కనబడుతుంది. చర్మం మీద ఇటుక రంగు చుక్కలు, ఆవగింజంత, ఒకేసారి పెద్దవై మళ్లీ చిన్నవై, వెలిగి ఆరినట్టు. గాలానికి తగలగానే ఒళ్లంతా ఎర్రబడుతుంది, మనిషి మొహం మీద ఫట్‌మని నీళ్లు చిమ్ముతుంది. కోసేవాళ్లు నిమిషంలో దాన్ని సన్నటి దారాల్లా కోసి పెడతారు, ఇకా-సోమెన్ అంటారు. అప్పుడు నోట్లో కరకరలాడుతుంది. అదే కొన్ని గంటలాగితే తెల్లగా మారి, మెత్తబడి, తీపి తేలుతుంది. టోక్యోలో మనం తినేది ఆ తెల్లదే. తేడా తెలియాలంటే రేవు పక్కనే తినాలి, అందుకే నేను "టోక్యోలోనే తినొచ్చు" అన్న మాటకి ఒప్పుకోను. నేను ఆఖరిసారి వెళ్లినప్పుడు ఒక్కదానికి 1,800 యెన్లు పడింది, ఆ రోజు ధర ఆ రోజే రాస్తారు.

గోల్కొండ_రైలు

సరే, తిండి పక్కన పెడదాం. తిండి కాకుండా అక్కడ ఏముందని పెద్దవాళ్లను తీసుకెళ్లాలి? నక్షత్రం ఆకారం కోట ఒకటి దూరం నుంచి చూశాం, అది కోటలా కూడా లేదు, కందకం, చెట్లు, అంతే.

చేపల_చదువు

గొర్యోకాకు కిందనుంచి చూస్తే అలాగే ఉంటుంది, పక్కనే ఉన్న టవర్ ఎక్కితేనే అయిదు మూలలు కనబడతాయి. షోగున్ (దేశాన్ని ఏలిన సైన్యాధిపతి) పాలన పోయాక లొంగనివాళ్లు ఎనొమొతో తకెయాకి వెంట వచ్చి ఆఖరి యుద్ధం చేసింది అక్కడే, 1869లో ముగిసింది. అయితే మీకు కోట నచ్చకపోతే పోనివ్వండి, నేను దాని కోసం వాదించను.

రేవు కోసం వాదిస్తాను. రెండు వందల ఏళ్లకు పైగా దాదాపు మూసుకుని ఉన్న జపాన్ 1854లో అమెరికా ఓడలకి తెరిచిన రెండు రేవుల్లో ఇదొకటి, 1859లో విదేశీ వ్యాపారానికి తెరిచిన మొదటి మూడింటిలో ఒకటి. మొతొమాచి అనే పాత పేట వాలు మీద రష్యన్ ఆర్థడాక్స్ చర్చి గంట, పాత బ్రిటిష్ కాన్సులేట్, చైనా వర్తకులు కట్టుకున్న భవనం, అన్నీ నడిచేంత దూరంలో. 1934లో ఊరు తగలబడి రెండు వేల మందికి పైగా పోయారు, ఆ తర్వాత మంటలు దాటకుండా ఊళ్లో చెట్ల వరసలతో వెడల్పాటి వీధులు వేశారు. హచిమాన్-జాకా అనే వాలు వీధి పైనుంచి చూస్తే వీధి తిన్నగా సముద్రంలోకి దిగిపోతున్నట్టు ఉంటుంది, ఆ చివర, హొక్కైదోకీ జపాన్ ప్రధాన ద్వీపానికీ మధ్య తిరిగిన పాత ఫెర్రీ మషూ-మారు కట్టి ఉంటుంది. 1954 సెప్టెంబర్‌లో అలాంటి ఫెర్రీయే, తోయా-మారు, తుఫానులో మునిగి 1,100 మందికి పైగా చనిపోయారు. ఆ దుఃఖం తర్వాతే సముద్రం కింద సొరంగం పని ఊపందుకుంది, 1988లో రైలు నడిచింది. గోల్కొండ_రైలు గారూ, మీరు అరగంట లోపు దాటేసిన చీకటి అదే.

సాయంత్రం కొండ ఎక్కండి, రోప్‌వేలో మూడు నిమిషాలు, మోకాళ్లకు పనిలేదు. ఊరు రెండు వైపులా సముద్రం మధ్య నడుము సన్నబడి వెలుగుతుంది. సీజన్‌లో దూరంగా నీళ్ల మీద స్క్విడ్ పడవల దీపాలు కనిపిస్తాయి. నేను మొదటి ఏడాది చూసినప్పుడు లెక్కపెడుతూ మధ్యలో వదిలేశాను. రెండో ఏడాది ఒక రాత్రి మూడే ఉన్నాయి. పక్కన నిలబడ్డ స్థానిక పెద్దాయన వాటినే చూస్తూ చాలాసేపు ఉన్నాడు, ఏమీ మాట్లాడలేదు.

గోల్కొండ_రైలు

కొండ ఎక్కలేదు మేము, సాయంత్రం రైలు పట్టుకున్నాం అని చెప్పాను కదా. ఆ గిన్నె విషయంలో నా మాట మారదు, కానీ ఒక్క రోజులో వెళ్లి రావడం మా తప్పే.

వాన_చినుకు

అందరికీ థాంక్స్. వెళ్తున్నాం, రెండు రాత్రులు. రైలు కాదు, హనేదా నుంచి విమానం, గంటన్నర లోపే. అమ్మ చేప తింటుంది, పచ్చిది మాత్రం ముట్టదు. అక్టోబర్‌లో ఏం అడగాలి, ఎక్కడ అడగాలి?

చేపల_చదువు

అక్టోబర్ అయితే బురి బాగా పడే కాలం, సాల్మన్ గుడ్లు కొత్తవి. మొదటి రోజు జియూ ఇచిబాకి వెళ్లండి, ట్రామ్‌లో షింకావచో స్టాప్, ఊళ్లో వంటవాళ్లు కొనుక్కునే మార్కెట్. రెండో రోజు పొద్దున్నే స్టేషన్ పక్క మార్కెట్. ఎక్కడైనా ఫొటోల మెనూ చూడకుండా "క్యో వా నాని గా ఈ దెస్ కా" అనండి, ఇవాళ ఏది బాగుంది అని. చేయి ఊపి పిలిచేవాడు కూడా ఆ ప్రశ్న వింటే ఆగి ఆలోచించి చెప్తాడు. అమ్మగారికి హొక్కె అనే చేప, నిలువునా చీల్చి ఎండబెట్టి కాల్చింది చెప్పండి, పళ్లెం దాటి బయటికొచ్చేంత ఉంటుంది, ముళ్లు పెద్దవి కాబట్టి తీయడం తేలిక. రాత్రికి ఉప్పు రసంతో చేసే షియో రామెన్ ఆ ఊరిదే, కానీ అందులో కోడి, పంది ఎముకల రసం ఉంటుంది, అమ్మగారికి ఇబ్బంది అయితే ముందే చెప్పండి. మోకాళ్ల సంగతి: ట్రామ్‌లో సుఎహిరోచో దగ్గర దిగి వాలు కొంచెమే ఎక్కండి, పైదాకా కావాలంటే టాక్సీ. గాలి చల్లగా కోస్తుంది, నాన్నగారికి చెవులు కప్పే టోపీ మర్చిపోకండి.

వాన_చినుకు

నాన్నకి ఇప్పుడే ఫోన్‌లో ఇదంతా చదివి వినిపించాను. దీపాలు మూడే ఉన్నాయన్న దగ్గర ఆపి, "వాళ్ల పిల్లలు ఇంకా పడవల మీదికి వెళ్తున్నారా?" అని అడిగారు. మా తాతది పడవే. చేపల_చదువు గారూ, మీకు తెలిస్తే చెప్పండి, ఆయనకి చెప్తానని మాటిచ్చాను.